సత్యవతి మామ్మగారి పెరట్లో పిట్టలు

నిన్న పొద్దున్న రావులపాలెం అవతల ఒక అరటితోటకి వెళ్ళాను. తుఫాను వాన అప్పుడే వెలిసింది. అరటాకుల మీద నిలిచిన నీళ్ళు గాలి తగిలినప్పుడల్లా జలజలా రాలి మెడ మీద పడుతున్నాయి. రైతు ముందు నడుస్తూ ఎరువుల సంగతేదో చెబుతున్నాడు, నేను వెనక ఊఁ కొడుతున్నాను. గట్టు మీది మామిడిచెట్టు కిందికి వచ్చేసరికి పైనుంచి సన్నగా "చిక్... చిక్... చిక్" అని వినిపించింది. ఎంత సన్నగా అంటే, మనం మాట్లాడుతుంటే వినపడనంత సన్నగా. నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"ఏంటండి మేడంగారూ, పామేమైనా కనబడిందా?" రైతు కంగారుగా వెనక్కి తిరిగాడు.

"లేదండి. పిట్ట."

"పిట్టా?" ఆయన చెట్టు పైకి చూశాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. ఆయనకి అరవై దాటి ఉంటాయి. "నాకేం వినపడట్లేదండి," అన్నాడు.

కొన్నేళ్ళ కిందట ఇదే మాటని ఇలాంటి చెట్టు కిందే సత్యవతి మామ్మగారి నోట విన్నాను. ఆవిడ నాకు చుట్టం కాదు, చదువు చెప్పిన టీచరూ కాదు. పక్కింటావిడ. అయినా ఇవాళ నేను ఉద్యానశాఖలో చేస్తున్న ఈ చిన్న ఉద్యోగంలో, మొక్క ముందు కూర్చుని ఏం చేయాలో ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడని ఎరగని వాళ్ళకి ఆవిడ గురించి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఆ తోటలో నిలబడి ఇంక వాయిదా వెయ్యకూడదనిపించింది.

మాది ధవళేశ్వరం. అప్పటికి నేను హార్టికల్చర్ డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగ పరీక్షకి చదువుకుంటూ ఇంట్లో ఉన్నాను. లోపల టీవీ గోల భరించలేక పెరటి మెట్ల మీద కూర్చుని బిట్లు బట్టీ పట్టేదాన్ని. ప్రతి ప్రశ్నకీ కింద నాలుగు జవాబులు. చూసీ చూడగానే ఒకదాని మీద వేలు పెట్టాలి. అలా చదివి చదివి, మామూలుగా ఎవరైనా ఏదైనా అడిగినా వాళ్ళ మాట పూర్తికాకముందే జవాబు చెప్పేసే అలవాటు పట్టుకుంది నాకు. మా పెరటికీ పక్క పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ ఇంట్లోకి కొత్తగా ఒక ముసలి దంపతులు దిగారు. ఆవిడ రాజమండ్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారనీ, ఆయన సుబ్బారావుగారు హైస్కూల్లో లెక్కల మాస్టారనీ, పిల్లలు లేరనీ అమ్మ చెప్పింది. ఆవిడని నేనింకా సరిగ్గా చూడలేదు. గొంతు మాత్రం రోజూ గోడ దాటి వచ్చేది. పెద్ద గొంతేమీ కాదు. కానీ ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా, తుడిచి పెట్టినట్టుండేది.

ఒకరోజు గోడవతల వంగమొక్కల్లోంచి ఏదో పిట్ట ఆపకుండా "టువీ టువీ టువీ" అని ఒకటే అరుపు. చదువు సాగక విసుక్కుంటుంటే గోడ మీదుగా ఒక తల లేచింది. నెరిసిన జుట్టు, గొలుసుకి వేలాడుతున్న కళ్ళద్దాలు.

"ఎవరమ్మాయ్ అది?"

"నేనండి, సౌజన్యని. పక్కింటి..."

"నువ్వు కాదు. ఆ అరిచేది ఎవరు?"

"పిచ్చుకండి."

"చూశావా?"

"లేదండి."

"మరి పిచ్చుకని నీకెవరు చెప్పారు?"

"చిన్నది కదండీ. చిన్నగా ఉండి అరిస్తే పిచ్చుకే కదా."

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఆ జవాబుని కాసేపు నిజంగానే ఆలోచించినట్టు కనబడ్డారు. తర్వాత, "గేటు తీసుకుని ఇటు రా. పేరు తర్వాత చెబుదువుగాని. ముందు అదేం చేస్తోందో చూసి చెప్పు," అన్నారు.

వెళ్ళి వంగమొక్కల పక్కన ఆవిడతోపాటు ముక్కాలిపీట మీద కూర్చున్నాను. చాలాసేపు ఏమీ కనబడలేదు. లేవబోతుంటే నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. అప్పుడు కనబడింది. పిచ్చుకకన్నా చిన్నది. నెత్తిన ఇటుకరంగు టోపీ, వీపు ఆకుపచ్చ, తోక నిట్టనిలువుగా పైకి ఎత్తిపెట్టుకుంది. ఒక పెద్ద వంగాకు కింద దూరి, ముక్కుతో ఆకు అంచుకి చిల్లు పొడిచింది. ఎగిరిపోయి ముక్కున దూదిపోగుతో తిరిగొచ్చింది. ఆ పోగుని చిల్లులోంచి దూర్చి, రెండో అంచులోంచి లాగింది. ఆకు దొప్పలా దగ్గరికి ముడుచుకుంది.

"మామ్మగారూ, కుడుతోందండి!" అని అరిచేశాను. పిట్ట ఎగిరిపోయింది.

"ఆఁ. ఇప్పుడు నువ్వే ఒక పేరు పెట్టు."

"దర్జీపిట్ట."

"జనమూ అదే పేరు పెట్టారు. అంటే నువ్వూ వాళ్ళూ ఒకటే చూశారన్నమాట," అన్నారు. ఆ మాటకి నాకు పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది. ఇంతకాలం మా ఇంటి వెనకే ఉన్న పిట్టని నేను ఒక్కసారైనా చూడలేదన్న ఆశ్చర్యం మాత్రం ఆ సంతోషం కన్నా ఎక్కువసేపు ఉండిపోయింది.

ఆ మర్నాటి నుంచి పొద్దున్నపూట చదువు గోడవతలికి మారింది. సత్యవతి మామ్మగారు పిట్టల్ని చూడటంకన్నా ముందు వినేవారు. కళ్ళు మూసుకుని, తల కాస్త ఎడమకి వంచి, ఇంకా చెవికి హెడ్‌ఫోను తగిలించుకునే ఉన్నట్టు కూర్చునేవారు. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసే రోజుల్లో ఆవిడ ఉద్యోగం చేశారు. లైన్లోకి వచ్చిన మనిషి "హలో" అనగానే ఏ వీధి, ఏ కొట్టు, ఏ ఇల్లో చెప్పగలిగేవారట. ఇద్దరు అన్నదమ్ములు బియ్యం వ్యాపారం చేసేవారు. గొంతులు అచ్చు ఒకటే. ఇంట్లో ఆడవాళ్ళు కూడా పోల్చుకోలేకపోయేవారు. "పెద్దాయన మాట మొదలెట్టే ముందు ఊపిరి పీలుస్తాడు. చిన్నాయన పీల్చడు. మాటలో తేడా లేదు, మాటకి ముందు ఉంది," అని చెప్పారు నాకు. పిట్టల్లో కూడా ఆవిడ అదే వెతికేవారు. పిగిలిపిట్ట పాట ఎక్కడ మొదలవుతుంది, తేనెపిట్ట ఎగరబోయే ముందు ఏమంటుంది, దర్జీపిట్ట పిల్లిని చూసినప్పుడు అరుపులో ఏం మారుతుంది.

ఒకసారి అడిగాను, "మరి ఎవరూ మాట్లాడకపోతే ఏం చేసేవారండీ?" అని.

"కట్ చెయ్యాలి. రూలు అది. కానీ ఒకసారి చెయ్యలేదు," అన్నారు. మొగల్తూరు వైపు నుంచి కాల్. ఇక్కడ ఒక ఇంటికి కలిపారు. ఇక్కడివాళ్ళు హలో హలో అని అరిచి పెట్టేశారు. అవతల మనిషి లైన్లోనే ఉన్నాడు, మాట లేదు. "గాలి చప్పుడు వినపడుతోంది. ఆ గాలి వెనకాల ఒక మనిషి నోరు తెరిచి మూస్తున్నాడని నాకు తెలుస్తోంది. సూపర్‌వైజరు వెనక నిలబడి చూస్తున్నాడు. అయినా ఉంచాను. చివరికి, 'అమ్మా, మా తమ్ముడి పడవ ఇంకా రాలేదని వాళ్ళావిడకి చెప్పాలి, నాకు నోరు రావట్లేదు' అన్నాడు. మళ్ళీ కలిపి, నేను కూడా లైన్లో ఉన్నాను, చెప్పండి అన్నాను. చెప్పాడు."

"పడవ వచ్చిందాండీ?"

"మూడోనాడు ఆయనే ఫోన్ చేశాడు. వేరే రేవుకి కొట్టుకుపోయిందిట, మనిషి క్షేమం. ఆ కబురు చెప్పటానికి మాత్రం నా అవసరం రాలేదు. ఒకటే కేకలు," అని నవ్వారు.

ఆవిడ తెలియనిదాన్ని తెలుసనేవారు కాదు. తెలుసనుకున్నది తప్పైతే దాచేవారూ కాదు. పెరట్లో మందారాల దగ్గరికి రెండు రకాల తేనెపిట్టలు వస్తున్నాయని నేను గొప్పగా చెప్పాను. ఒకటి నీలం నలుపు కలిసి ఎండలో తళతళలాడేది, ఇంకొకటి పసుపు పొట్టతో మట్టిరంగుది. "రెండు రకాలు కాదే, ఆలుమగలు. మొగుడూ పెళ్ళాం ఒకే చీర కట్టుకోవాలా ఏమిటి?" అన్నారు. వరండాలో పేపరు చదువుతున్న సుబ్బారావు తాతగారు పొలమారేలా నవ్వారు. కానీ కొద్దిరోజులకి ఆవిడే బోల్తాపడ్డారు. పసుపు పొట్ట మధ్యలో నిలువుగా ఒక్క నల్లచార ఉన్న పిట్ట వచ్చింది. అటు మగదానిలా లేదు, ఇటు ఆడదానిలా లేదు. "ఇది కొత్తరకం. ఎక్కణ్ణుంచో వచ్చింది," అని ఆవిడ తీర్మానించి, తాతగారితో పందెం కూడా కట్టారు. మేం దాన్ని వదలకుండా చూశాం. వారాలు గడిచేకొద్దీ ఆ చార వెడల్పయింది. రెక్కల్లో నీలం మచ్చలు లేచాయి. చివరికి మెరిసిపోతూ మామూలు మగ తేనెపిట్టయి కూర్చుంది. ఏటా జత కట్టే కాలం అయిపోగానే ఆ బట్టలు విప్పేసి, మళ్ళీ వేసుకుంటుందన్నమాట. మామ్మగారు పందెం ఓడి, తాతగారికి పెసరట్టు వేసిపెడుతూ, "నలభయ్యేళ్ళు వీణ్ణి చూస్తున్నాను, బట్టలు మార్చుకుంటాడని ఇవాళ తెలిసింది," అని మహా సంతోషంగా చెప్పుకున్నారు. తప్పు పట్టుబడితే మనిషి అంత సంతోషపడటం నేను అదే మొదటిసారి చూడటం.

వాళ్ళ పెరటి చివర కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడిచెట్టు పాతది ఒకటి ఉండేది. దాని కొమ్మల మీద గుబురుగుబురుగా బదనిక పట్టింది. బదనిక అంటే చెట్టు మీదే మొలిచి, దాని సారం తాగి బతికే మొక్క. మా చదువులో అది మామిడికి శత్రువు. కనబడితే కొయ్యాలి, అంతే. ఎండాకాలం మొదట్లో ఆ బదనిక ఎర్రగా పూసి, చిన్నచిన్న కాయలు కాసింది. అప్పుడు మొదలైంది ఆ "చిక్... చిక్".

"మామ్మగారూ, అదెవరండీ?"

ఆవిడ కళ్ళు మూసుకుని తల వంచారు. కాసేపటికి, "ఏది? నాకేం వినపడట్లేదే," అన్నారు.

"అదిగోండి, మామిడిచెట్టు పైన. చిక్ చిక్ అని."

"లేదమ్మాయ్. దర్జీపిట్ట దూరంగా ఉంది, పిగిలిపిట్టలు రెండు. అంతే."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఒక్కొక్కసారి ఆ చప్పుడు మా నెత్తిమీదే ఉండేది. నేను వినపడుతోందనీ, ఆవిడ లేదనీ. ఆవిడ గొంతులో మొదటిసారి కొంచెం చిరాకు కనిపించింది. "చదివి చదివి నీ చెవులు గింగురుమంటున్నాయి. కాస్త నిద్రపో," అన్నారు. నేను కూడా నిజమేనేమో అనుకున్నాను. ఆవిడ చెవులకి వినపడనిది నా చెవులకి వినపడుతుందా? కానీ ఒకరోజు దాన్ని చూశాను. బొటనవేలంత పిట్ట. పైన బూడిదరంగు, కింద వెలిసిపోయిన తెలుపు, ముక్కు కాస్త వంపు తిరిగి లేత గులాబి. చార లేదు, టోపీ లేదు, ఇది ఫలానా అని చెప్పటానికి ఒక్క గుర్తు లేదు.

"మామ్మగారూ, దొరికిందండి! ఎండిన పుల్ల పక్కన, బదనిక గుబురు కింద."

ఆవిడ బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకున్నారు. తిప్పి తిప్పి చివరికి పట్టుకున్నారు. "ఆఁ, ఉన్నాడు. అబ్బ, ఎంత చిన్నవాడో! నేను చూడలేదు వీణ్ణి..." అని ఆగిపోయారు. బైనాక్యులర్ కదలలేదు. చాలాసేపటికి అడిగారు, "ఇప్పుడు అరుస్తున్నాడా?"

"అరుస్తోందండి."

"ఇప్పుడు?"

"అవునండి. ఇప్పుడు కూడా."

"ముక్కు తెరుస్తున్నాడు. గొంతు దగ్గర ఈకలు కదులుతున్నాయి," అన్నారు నెమ్మదిగా. తర్వాత బైనాక్యులర్ దించి, దాని తాడు జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చి, ఇంట్లోకి వెళ్ళిపోయారు.

తర్వాత ఆవిడ పెరట్లోకి రావటం మానేశారు. తలనొప్పన్నారు, మోకాళ్ళన్నారు. గోడవతల ముక్కాలిపీటలు రెండూ ఖాళీగా ఉండేవి. ఒక సాయంత్రం సుబ్బారావు తాతగారే గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచారు.

"నాకు ముందే తెలుసమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "జ్వరం చూసే థర్మామీటరు కీచుమంటుంది చూడు, ఆ చప్పుడు మీ మామ్మకి వినపడటం మానేసి చాలాకాలమైంది. వాషింగ్ మిషన్ అయిపోయిందని కీచుకీచుమన్నా తెలీదు. నేనే వెళ్ళి ఆపేసేవాణ్ణి. 'ఏవండీ, అది మోగిందా?' అని అడిగేది. నాకూ వినపడలేదే అనేవాణ్ణి. మామూలు మాటలన్నీ బాగానే వింటోంది కదా, ఈ సన్నవి ఎందుకులే అనుకున్నాను. చెవే దాని ఉద్యోగం. ఎలా చెప్పను?"

ఆయన నన్నేమీ అడగలేదు, ఫలానాది చెయ్యమని చెప్పలేదు. నేను చెప్పులేసుకుని వెళ్ళాను. ఆవిడ వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉన్నారు. ఏం మాట్లాడాలో ఆలోచించుకుని రాలేదు. ఆవిడే మొదలుపెట్టారు.

"ఎలా అరుస్తాడు?"

"చిక్ అనండి."

"చిక్ అంటే? దేన్లా?"

"కొత్త కత్తెరతో దారం తుంచినట్టు."

"ఇలాగా?" గ్లాసు మీద చెంచాతో కొట్టారు.

"కాదండి. ఇంకా సన్నం."

పలకసరుల కొక్కెం, గాజు, తాళంచెవి, ఒక్కొక్కటే గ్లాసు అంచుకి తగిలించి చూశారు. నేను కాదంటూ వచ్చాను. చివరికి జడలోంచి పిన్ను తీసి, దాని కొసతో గ్లాసు అంచుని తాకించారు.

"ఇదేనండి! దాదాపు ఇదే."

ఆవిడ మళ్ళీ తాకించారు. మళ్ళీ. నా మొహం చూస్తూ నాలుగైదు సార్లు తాకించారు. "ఇది నాకు వినపడటం లేదమ్మాయ్," అన్నారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. ఆవిడ పిన్నుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశారు. "అంటే వాడు ఈ చప్పుడుకి పక్కనే ఎక్కడో ఉన్నాడు. సరే. ఇంక నువ్వు విను, నేను చూస్తాను. వాడెవరో తేల్చకుండా వదలకూడదు."

అలా తేల్చటానికి కూర్చున్నాం. నేను ఎటువైపు అరుస్తోందో చేత్తో చూపించేదాన్ని, ఆవిడ బైనాక్యులర్ అటు తిప్పేవారు. అది ఎప్పుడు చూసినా బదనిక గుబుర్లలోనే ఉండేది. పువ్వులో ముక్కు పెట్టేది, పండిన కాయని మింగేది. ఒకరోజు ఆవిడే గమనించారు, కాయ తిన్న కాసేపటికి అది కొమ్మ మీద అడ్డంగా కూర్చుని వెనకభాగాన్ని బెరడుకి రుద్దుతోందని. నిచ్చెన వేసి చూస్తే అక్కడ జిగురుగా ఒక గింజ అంటుకుని ఉంది. బదనిక గింజ. దాన్నంటుకుని ఇంకొకటి, అప్పుడే పచ్చగా మొలక పొడుస్తోంది. నేను చదువుకున్న పుస్తకంలో బదనిక చెట్టు నుంచి చెట్టుకి పక్షుల ద్వారా పాకుతుందని ఒక్క వాక్యం ఉంది. పరీక్షలో అది బిట్టుగా వస్తే జవాబు పెట్టేదాన్ని కూడా. ఆ పక్షి ఇదిగో, ఇక్కడ, ఈ బొటనవేలంతది. మేం దానికి బదనిక పిట్ట అని పేరు పెట్టుకున్నాం. తర్వాత తాతగారి ఫోన్లో బొమ్మలు వెతికి పుస్తకాల్లో దానికున్న పేరు కూడా కనుక్కున్నాం గానీ, మా ముగ్గురికీ అది బదనిక పిట్టే.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. బదనిక పట్టిన కొమ్మలు ఎండిపోతున్నాయి. ఆ ఏడు కాపు బాగా తగ్గింది. ఆ చెట్టంటే తాతగారికి ప్రాణం. బదనిక పట్టిన కొమ్మలన్నీ కొట్టించేస్తానన్నారు. కొట్టిస్తే పిట్ట పోతుంది. కొట్టించకపోతే చెట్టు పోతుంది. "నువ్వు చదువుకున్నావు కదమ్మా, నువ్వు చెప్పు," అన్నారు తాతగారు. నా చదువు ప్రకారం జవాబు ఒకటే. నోటిదాకా వచ్చింది. కానీ నేను మామ్మగారి వైపు చూశాను. ఆవిడ చెట్టు వైపు చూస్తున్నారు.

"చెట్టు బతకాలి," అన్నారు చివరికి. "చెట్టు లేకపోతే వాడూ లేడు. పెద్దకొమ్మల మీదవన్నీ తీయించండి. ఆ గోడవైపు పక్కకొమ్మ ఉంది చూశారూ, అది ఎలాగూ కాయదు. దాని మీది ఒక్క గుబురు ఉంచండి. కాయలు పండకముందే ఎక్కువైనవి కత్తిరిద్దాం. మిగతా చెట్టు మీద మొలకలొస్తే ఈ పిల్ల గిల్లేస్తుంది."

కొమ్మలు కొట్టినరోజు ఆవిడ బయటే కూర్చున్నారు. చెట్టు సగం బోడిగా అయిపోయింది. మర్నాడు పొద్దున్న నేను గోడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ అప్పటికే పీట మీద ఉన్నారు. నా మొహం కేసే చూస్తున్నారు. ఎండ కాస్త పైకి ఎక్కాక పక్కకొమ్మలోంచి వినిపించింది. నేను చెయ్యెత్తి అటు చూపించాను. అంతే. ఆవిడ ముఖం విప్పారిన తీరు ఇప్పటికీ నా కళ్ళముందుంది. తర్వాత రెండేళ్ళకి చెట్టు మళ్ళీ చిగిర్చి కాసింది.

నాకు ఉద్యోగం వచ్చి రావులపాలెం వైపు వేశారు. మొదటి నెలల్లో ఒక అరటిరైతు ఆఫీసుకి వచ్చాడు. తోటలో ఆకులు పసుపుబారి వేలాడుతున్నాయి. మందుల కొట్టతను పనామా తెగులని చెప్పి, చెట్లన్నీ పీకి తగలబెట్టమన్నాడట. "అదేనా కాదా చెప్పండి మేడంగారూ. కూలీల్ని మాట్లాడేశాను," అన్నాడు. ఫోన్లో ఫొటో చూపించాడు. ఫొటోలో చూస్తే అచ్చం అదే. పేరు నాలిక చివర ఉంది.

"ఇప్పుడే చెప్పలేనండి. వచ్చి చూస్తాను."

"చూడ్డానికేముందండి? మీకు తెలీకపోతే తెలీదని చెప్పండి."

"తెలీదండి. అందుకే వస్తానంటున్నాను."

ఆయన మొహం మాడ్చుకుని బండి తీశాడు. తోటలో ఒక చెట్టుని అడ్డంగా కోయించాను. ఆ తెగులైతే లోపల ఎర్రగోధుమ రంగు వలయాలు కనబడాలి. తెల్లగా, శుభ్రంగా ఉంది. వేళ్ళు తవ్విస్తే నల్లగా కుళ్ళి కంపు కొడుతున్నాయి. గట్టు వెంబడి నడిస్తే మురుగు బోదె పూడిపోయి, కాలవ ఊట నీళ్ళన్నీ తోటలోనే నిలబడుతున్నాయి. బోదె తవ్వించాం. కొన్ని చెట్లు పోయాయి, ఎక్కువ చెట్లు నిలబడ్డాయి. ఆదివారం ధవళేశ్వరం వెళ్ళినప్పుడు మామ్మగారికి చెప్పాను. "అయితే పేరు పెట్టకుండానే నయం చేశావన్నమాట," అని నా వీపు తట్టారు.

అప్పటికి ఆవిడ రాజమండ్రిలో చెవి మిషన్ పెట్టించుకున్నారు. మొదటిరోజు ఆవిడ ఏమేం విన్నారో నాకు వరసగా చెప్పారు. పేపరు మడత చప్పుడు, చీర కుచ్చిళ్ళ చప్పుడు, తాతగారు అప్పడం నమలటం. "ఈయన ఇంత చప్పుడు చేస్తారని పెళ్ళినాడు తెలిస్తే..." అన్నారు. బదనిక పిట్ట మాత్రం మిషన్‌లోంచి కూడా రాలేదు. డాక్టరుగారు సర్దారు, మళ్ళీ సర్దారు, రాలేదు. ఆవిడ దానికి బాధపడటం మానేశారు. పిట్టల గొంతుల్ని బైనాక్యులర్‌లో చూస్తూ, ఈకల కదలికని బట్టి ఎవరు ఏ పాట మొదలుపెట్టారో పోల్చటం నేర్చుకోవటం మొదలుపెట్టారు. డెబ్బై దాటాక. నాకు చూపించి, "ఇది కొత్త భాష. ఇప్పుడే అక్షరాలు దిద్దుతున్నాను," అన్నారు.

పోయినేడు కార్తీకంలో ఆవిడ పోయారు. పెద్ద జబ్బేమీ కాదు; నిద్రలోనే. పదకొండో రోజు దాటాక తాతగారితో పెరట్లో కూర్చున్నాను. ఆయన మామిడిచెట్టు కేసి చూసి, "నువ్వు ఉద్యోగానికి వెళ్ళిపోయాక మీ మామ్మ నన్ను చెవులుగా పెట్టుకుందమ్మా. రోజూ అడిగేది, వాడు వచ్చాడా, అరుస్తున్నాడా అని," అన్నారు. "అరుస్తున్నాడే అని చెప్పేవాణ్ణి. అప్పటికి నా చెవులూ పోయాయి. నాకేం వినపడేది కాదు. కానీ నేను చెయ్యి చూపించిన చోటే దానికి ఆ పిట్ట కనపడేది. ఎలాగో మరి, ప్రతిసారీ కనపడేది." ఆయన నవ్వబోయి, నవ్వలేక, కండువాతో మొహం తుడుచుకున్నారు. ఆవిడ అంత తేలిగ్గా మోసపోయే మనిషి కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసనే అనుకుంటాను.

ఇప్పుడు నేను అద్దెకుంటున్న ఇంటి వెనక ఒక జామచెట్టుంది. చలి మొదలవగానే ఎక్కణ్ణుంచో ఒక పిట్ట వచ్చి అందులో దిగింది. ఆకుపచ్చకి బూడిద కలిసిన రంగు, కంటిమీద లేత కనుబొమలాంటి గీత. క్షణం కుదురుగా ఉండదు. ఆకు కిందికి దూరుతుంది, పైకి వస్తుంది, ఏదో పురుగుని ఏరుకుని ఇంకో ఆకుకి దూకుతుంది. ఫోన్లో చూస్తే ఒకే పోలికలో ఉన్న మూడు నాలుగు పిట్టల్ని చూపించి ఏదో ఒకటి ఎంచుకోమంటోంది. నేను ఎంచుకోలేదు. ఎండలో రెక్క విప్పినప్పుడు దాని మీద సన్నని తెల్లగీత ఒకటి ఉన్నట్టు అనిపించింది ఇవాళ. ఉందో, నా భ్రమో ఇంకా తెలియదు. ఆఫీసుకి టైమైపోతోంది, కాఫీ చల్లారిపోయింది, స్కూటీ గేటు దగ్గరే ఉంది. అది ఇంకొక్కసారి రెక్క విప్పేదాకా ఈ మెట్టు మీద నుంచి లేవను.